సలహాల గ్రూపులో ఎవరి మాటకి ఎంత తూకం?

బెంగళూరులో వైట్‌ఫీల్డు వైపు 120 ఇళ్ళ అపార్ట్‌మెంటు అనుకోండి. మార్చి వచ్చింది, బోరు ఆగి ఆగి పోస్తోంది. అక్కడి తెలుగువాళ్ళ గ్రూపులో ఒకరు అడిగారు: "ఇంకో బోరు వేద్దామా, వాన నీళ్ళకి ఇంకుడు బావులు తవ్విద్దామా?" గంట తిరిగేసరికి నలభై జవాబులు. రాసినవాళ్ళలో ఒకాయన రిటైర్డు ఇంజనీరు. ఒకామె ఆర్కిటెక్టు, అయితే సాఫ్ట్‌వేరులో. ఒకరు ఊళ్ళో మూడు బోర్లు వేయించినవారు. ఇంకొకరికి ట్యాంకర్ల వ్యాపారం ఉంది, ఆ సంగతి గ్రూపులో సగం మందికి తెలియదు. వీళ్ళలో ఎవరి మాట నమ్మి లక్షలు ఖర్చు పెట్టాలి?

మామూలుగా వయసులో పెద్దవారి మాట నెగ్గుతుంది. లేదంటే అందరికన్నా ముందు రాసినవారిది, అదీ కాకపోతే పొడుగ్గా రాసినవారిది. ఈ మూడింటికీ భూమి లోపలి నీళ్ళతో సంబంధం లేదు. నిపుణత ప్రశ్నని బట్టి ఉంటుంది. బోరు ఎంత లోతుకి పోవాలో చెప్పగలిగిన మనిషికి, ఆ నీళ్ళు తాగొచ్చో లేదో చెప్పే అర్హత దానంతట అది రాదు. గ్రూపు నడిపేవాళ్ళు ముందుగా ఒప్పుకోవాల్సింది ఇదే. తర్వాతి పనులన్నీ దీని మీదే నిలబడతాయి.

ముందు ప్రశ్నని ముక్కలు చేయండి

"బోరా, బావా?" అన్నది ఒక్క ప్రశ్నలా కనిపిస్తుంది గానీ అందులో కనీసం అయిదు ఉన్నాయి. మన మిద్దె మీద ఏడాదికి ఎన్ని నీళ్ళు పడతాయి? మన నేల కింద ఏముంది? అనుమతి ఎవరిస్తారు? ఖర్చెంత? ఉన్న డబ్బు దేని మీద పెట్టాలి? వీటికి జవాబు చెప్పగలిగేవాళ్ళు వేరు వేరు మనుషులు. ప్రశ్న కలగాపులగంగా ఉన్నంతసేపూ ఒక ముక్కలో గట్టివాడైన మనిషి మిగతా నాలుగింటిలోనూ పెత్తనం చేస్తాడు. అది ఆయన తప్పు కూడా కాదు, మనమే ఆయన్ని అన్నీ కలిపి అడిగాం.

మొదటి ముక్క తీసుకోండి. దీనికి నిపుణుడే అక్కర్లేదు, గుణకారం చాలు. బెంగళూరులో ఏడాది వాన దాదాపు 970 మిల్లీమీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మిద్దె 1,000 చదరపు మీటర్లయితే 9,70,000 లీటర్లు. ఆవిరి, మొదటి వాన మురికి, పొంగి పోయేది తీసేసి 80 శాతం పట్టుకున్నా 7,76,000. ఇప్పుడు వాడకం: 120 ఇళ్ళు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకి 135 లీటర్లు (నగరాల నీటి లెక్కల్లో వాడే అంకె ఇదే) అంటే రోజుకి 64,800 లీటర్లు. భాగిస్తే పన్నెండు రోజులు. ఏడాదంతా పడిన వాన, 120 ఇళ్ళకి పన్నెండు రోజుల నీళ్ళు.

ఈ లెక్క గ్రూపులో పెట్టగానే "వాన నీళ్ళు పట్టుకుంటే ట్యాంకరే అక్కర్లేదు" అన్న మాట పడిపోతుంది. చెప్పినవారు ఎంత పెద్ద పదవిలో ఉన్నా పడిపోతుంది. అదే లెక్క 30×40 అడుగుల సైటులో నలుగురున్న ఇంటికి వేయండి. మిద్దె 100 చదరపు మీటర్లు, దక్కేది 77,600 లీటర్లు, రోజు వాడకం 540. అంటే 143 రోజులు. ఒకే మాట అపార్ట్‌మెంటులో తప్పు, విడి ఇంట్లో అయిదింట రెండు వంతులు నిజం. విడి ఇల్లున్న మనిషి తన అనుభవాన్ని నిజాయితీగానే చెప్తాడు, అపార్ట్‌మెంటు వాళ్ళు దాన్ని తమకి వర్తించే మాటగా తీసుకుంటారు. గ్రూపుల్లో తప్పుడు సలహాల్లో ఎక్కువ భాగం అబద్ధాలు కావు, చోటు మారిన నిజాలు.

అయిదో ముక్కకి, అంటే డబ్బు దేని మీద పెట్టాలన్నదానికి, నిపుణులే ఉండరు. ఆ నీళ్ళతో కాపురం చేసేవాళ్ళు తేల్చుకోవాల్సింది అది. భూగర్భ శాస్త్రవేత్తకి కూడా అక్కడ ఒక్క ఓటే. ప్రశ్న పెట్టేటప్పుడే "ఇది లెక్క", "ఇది అనుభవం", "ఇది మన ఇష్టం" అని ప్రతి ముక్క మీదా రాసేయండి. గొడవలు సగానికి తగ్గుతాయి.

నాలుగు రకాల తెలివి

నీళ్ళ సంగతైనా, మిద్దె తోటైనా, పిల్లల బడి సంగతైనా పనికొచ్చే తెలివి నాలుగు రకాలు. చేతి తెలివి, కొలత తెలివి, కాగితం తెలివి, కాపురం తెలివి. స్వయంగా చేసినవాళ్ళది మొదటిది, పరికరంతో కొలిచి అర్థం చెప్పగలిగినవాళ్ళది రెండోది, చట్టాలూ అనుమతులూ తెలిసినవాళ్ళది మూడోది, దాంతో రోజూ బతుకుతున్నవాళ్ళది నాలుగోది. ఫోన్ల మీద నడిచే గ్రూపుల్లో రెండో రకంవాళ్ళకీ మూడో రకంవాళ్ళకీ ఇట్టే గుర్తింపు వస్తుంది, ఎందుకంటే వాళ్ళు బాగా రాయగలరు. చేతి తెలివి ఉన్నవాళ్ళు అసలు గ్రూపులోనే ఉండరు. పెద్ద లోటు ఇక్కడే ఉంది కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

బెంగళూరులో బావులు తవ్వే మన్ను వడ్డర్లు ఉన్నారు. మన వైపు వడ్డెరలు అంటామే, వాళ్ళే. తరతరాలుగా అదే పని. చాలామంది ఇళ్ళలో మాట్లాడేది తెలుగుకి దగ్గర చుట్టమైన మాటే, అందువల్ల మనవాళ్ళు వాళ్ళతో నేరుగా మాట్లాడుకోవచ్చు. ఇంకుడు బావి తవ్వేటప్పుడు పక్కన అరగంట నిలబడితే తెలుస్తుంది. మూడడుగుల వెడల్పు గుంతలో ఒక మనిషి కూర్చుని పొట్టి పిడి పారతో తవ్వుతుంటాడు, పైన ఇద్దరు తాడుతో మట్టి లాగుతుంటారు. పైకొచ్చిన ప్రతి తట్టలోదీ కాస్త పిడికిట్లోకి తీసుకుని నలుపుతారు. ఎర్రమట్టి ముద్ద కడుతోందా, పొడిపొడిగా రాలుతోందా, మొరం మొదలైందా అని. ముద్ద కట్టే మట్టిలో నీళ్ళు సరిగా ఇంకవు. రాలే పొర తగిలేదాకా పోవాలి. ఇరవై అడుగులు అని కాగితం మీద ఉన్నా పదహారులోనే రాయి తగిలితే ఏం చేయాలో, ఇరవైలో కూడా బంకమన్నే ఉంటే ఇంకెంత పోవాలో ఆ పిడికిలి చెబుతుంది. తర్వాత సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి దింపుతారు. రింగుల మధ్య సందులు పూడ్చరు, అడుగున సిమెంటు వేయరు. నీళ్ళు పోయే దారులు అవే.

సందులు "నీటుగా" మూసేయించి ఇంకుడు బావిని నీళ్ళ తొట్టి చేసేది సాధారణంగా బావి ఎందుకో తెలియని సివిలు కాంట్రాక్టరు. అలాంటి బావిలో పట్టేది ఎంత? మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు, దాదాపు 4,000 లీటర్లు. ఒక్క గట్టి వానకి నిండి అక్కడే ఆగిపోతుంది. దోమలు పెరుగుతాయి. తర్వాత గ్రూపులో "ఇంకుడు బావులు దండగ" అని ఒక తీర్పు వెలువడుతుంది. ఆ తీర్పు ఇచ్చినవారు అబద్ధం చెప్పలేదు. చేతి తెలివి ఉన్నవాళ్ళని ముందు అడగలేదు, అంతే.

మరి వాళ్ళని ఎలా అడగాలి? గ్రూపులో చేర్చి "మీ అభిప్రాయం రాయండి అన్నా" అంటే రాయరు. పద్ధతి ఇది. సభ్యుల్లో ఒకరు పని జరిగే చోటికి వెళ్ళాలి. ముందే చెప్పి, ఆ పూట కూలి ఎంతో అడిగి ఇచ్చి, మూడు నాలుగు నిమిషాల మాట ఫోనులో రికార్డు చేయాలి. అయిదు వాక్యాల్లో రాసుకుని ఆయనకే చదివి వినిపించి, "ఇదేనా మీరన్నది?" అని ఒప్పించుకున్నాకే గ్రూపులో పెట్టాలి. ఆయన పేరు పెట్టాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. ఈ చదివి వినిపించే మెట్టు వదిలేస్తే రాసినవారి అభిప్రాయం తవ్వినవారి నోట్లోంచి వచ్చినట్టు తయారవుతుంది. మోటరు మెకానిక్కు, మురుగునీటిని శుద్ధి చేసే ఎస్టీపీ ఆపరేటరు, తోటమాలి, సంపు కడిగేవాళ్ళు, అందరికీ ఇదే దారి.

ట్యాగు ఇచ్చే ముందు ఏం అడగాలి

గ్రూపులో ఒకరి పేరు పక్కన "ఈ సంగతి తెలిసినవారు" అని గుర్తు పెట్టాలనుకుంటే ముందు నాలుగు సంగతులు తెలుసుకోండి. డిగ్రీ ఏమిటన్నది వాటిలో లేదు. ఉంటే మంచిదే, చివర్లో చూడొచ్చు.

ఎన్ని చోట్ల చేశారు, చివరిసారి ఎప్పుడు? సొంత ఇంటికి ఒక్కసారి కట్టించుకోవడం అనుభవం, దానికి విలువ ఉంది. కానీ ఒక్క చోటు చూసినవారికి తన చోటు ప్రత్యేకత ఏదో, అందరికీ వర్తించేది ఏదో విడదీయడం కుదరదు. నీళ్ళ సంగతిలో అయిదు వేరు వేరు చోట్లు, వాటిలో ఒకటైనా రెండు వానాకాలాల తర్వాత మళ్ళీ వెళ్ళి చూసినది ఉండాలన్నది మా గీత. మీ గ్రూపు వేరే అంకె పెట్టుకోవచ్చు, ఏదో ఒక అంకె మాత్రం ఉండాలి.

ఏది చెడిపోయింది? నాలుగింటిలో దీనికే అన్నిటికన్నా ఎక్కువ బలం. నిజంగా చేసినవారికి ఈ ప్రశ్న తగలగానే వివరాలు వచ్చి పడతాయి. "వడపోత గుంత చిన్నది పెట్టాం, మొదటి వానకే బురద వెళ్ళి బావి అడుగు మూసుకుపోయింది, మళ్ళీ మనిషిని దింపి తీయించాం" అంటారు. చదివి చెప్పేవారి జవాబు గుండ్రంగా ఉంటుంది: "సరిగ్గా చేస్తే ఏ సమస్యా రాదు."

ఏం కనిపిస్తే మీ మాట మార్చుకుంటారు? "పక్క వీధిలో 1,200 అడుగులు పోయినా పొడిదే అని తేలితే బోరు వద్దంటాను" అన్నవారిని నమ్మొచ్చు. ఏం జరిగినా తన మాట మారదన్నవారికి ట్యాగు వద్దు.

ఇందులో మీకేమైనా వస్తుందా? అడగడానికి మొహమాటంగా ఉంటుంది, అందుకే అందరినీ ఒకే మాటతో అడగండి, ఒక్కరినే అడక్కండి. అమ్మేవాళ్ళని బయటికి పంపాల్సిన పని లేదు. ఫిల్టర్లు అమ్మేవారికి ఫిల్టర్ల గురించి మనకన్నా చాలా తెలుసు. పేరు పక్కన "ఈ వ్యాపారం ఉంది" అని కనిపిస్తే చాలు. ఏ ఫిల్టరు ఎలా పనిచేస్తుందో ఆయన్ని అడుగుతాం, ఫిల్టరు కావాలా వద్దా అన్నది అడగం.

ఇక్కడే కొబ్బరికాయ సంగతి చెప్పాలి, ఎందుకంటే బోరు మాట వచ్చిన ప్రతి గ్రూపులోనూ ఇది వస్తుంది. అరచేతిలో కొబ్బరికాయో, వేప పంగో పెట్టుకుని నీళ్ళ జాడ చూపేవారు ఉంటారు. "30 చోట్ల చూపిస్తే 28 చోట్ల నీళ్ళు పడ్డాయి" అంటారు. ఆ మాటని కొట్టిపారేయకుండా ఒకటి అడగండి: అదే వీధుల్లో కొబ్బరికాయ లేకుండా వేసిన బోర్లలో పదింటికి ఎన్ని పడ్డాయి? తొమ్మిది అని తేలితే, 30కి 27 ఊరికే పడేవే. ఆయన వల్ల వచ్చింది ఒకటి, అదీ లెక్కలోకి రాదు. కట్టుదిట్టంగా చేసిన పరీక్షల్లోనూ ఈ పద్ధతి గుడ్డి అంచనాని దాటలేదు. బెంగళూరు నేల కింద ఉన్నది పాతకాలపు గట్టి రాయి. లాల్‌బాగులో పైకి తేలి కనిపించే బండ వయసు మూడు వందల కోట్ల ఏళ్ళని చెబుతారు, అలాంటిదే కింద అంతా. నీళ్ళు పైనున్న మెత్తబడిన పొరలోనూ, కింద పగుళ్ళలోనూ ఉంటాయి. కరెంటు పంపి నేలని కొలిచే భూగర్భ నిపుణులు మెత్తటి పొర మందం బాగానే చెప్పగలరు. లోతు పెరిగేకొద్దీ ఆ కొలత మసకబారుతుంది. నిజాయితీ ఉన్న నిపుణుడు ఈ హద్దుని అడక్కముందే చెప్తాడు. వెయ్యి అడుగుల కింద పగులు ఫలానా చోట ఉందని గ్యారంటీ ఇచ్చేవారికి డిగ్రీ ఉన్నా సరే, ఆ మాట వరకు కొబ్బరికాయ తూకమే వేయండి.

ఇదే లెక్క వేరే చోట్లా పనికొస్తుంది. "మా పద్ధతితో పదిమందిలో తొమ్మిదిమందికి ఉద్యోగం వచ్చింది" అన్నవారిని కూడా అడగాల్సింది ఇదే: ఆ పద్ధతి లేకుండా ఎంతమందికి వచ్చింది?

పరికరం చేతిలో ఉంటే

మూడు నాలుగు వందలకి దొరికే టీడీఎస్ మీటరు చేతిలో పట్టుకుని "మీ నీళ్ళు 180, బ్రహ్మాండంగా ఉన్నాయి" అనేవారు ప్రతి అపార్ట్‌మెంటులో ఉంటారు. ఆ మీటరు కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందన్నది. దాన్ని బట్టి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కట్టి చూపిస్తుంది. ఏ లవణమో చెప్పదు. క్రిములు ఉన్నాయో లేవో అసలు చెప్పదు. డ్రైనేజీ కలిసిన నీళ్ళు కూడా 180 చూపించొచ్చు.

తాగే నీళ్ళకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500. 2012 నాటి రూపంలో టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేకపోతే 2,000 దాకా. నైట్రేటు 45 దాటకూడదు. ఫ్లోరైడు 1, వేరే దారి లేకపోతే 1.5. ఈ.కోలై 100 మిల్లీలీటర్లలో అసలు కనిపించకూడదు. నైట్రేటు 80 ఉన్న బోరు నీళ్ళ మొత్తం టీడీఎస్ 450 ఉండొచ్చు. మీటరు ప్రకారం అవి మంచివే, చంటిపిల్లల పాలలో కలపడానికి మాత్రం కావు. కాబట్టి ఎవరైనా అంకె చెప్తే అడగాల్సింది: "ఈ పరికరం ఏది చూపించదు?" దీనికి జవాబు తెలిసినవారి చేతిలో ఆ మీటరు నిజంగా పనికొస్తుంది. కొళాయిలో వచ్చే కావేరి నీళ్ళకీ ట్యాంకరు నీళ్ళకీ తేడా పట్టడానికి, ఆర్వో పొర పాడైందో లేదో చూడటానికి అది మంచి సాధనం. తెలియనివారి చేతిలో అది ధైర్యం మాత్రమే ఇస్తుంది.

బోరు బండివాళ్ళ "రెండు ఇంచుల నీళ్ళు" కూడా ఇలాంటిదే. తవ్విన రోజు గాలి ఒత్తిడితో పైకొచ్చిన నీళ్ళు అవి. మోటరు దింపి నెల నడిపాక 200 లీటర్ల డ్రమ్ము కింద పెట్టి ఎన్ని నిమిషాలకి నిండుతుందో చూడండి. నాలుగు నిమిషాలయితే గంటకి 3,000 లీటర్లు. రెండు గంటలు ఆపకుండా నడిపాక మళ్ళీ కొలవాలి. రెండో అంకె మీదే ఆధారపడాలి.

అడిగే తీరు

గ్రూపులో ప్రశ్న పెట్టి కింద జవాబులు రానిస్తే మొదటి జవాబు మిగతావాటిని లాగేస్తుంది. పెద్దాయన "800 అడుగులు చాలు" అన్నాక 1,200 అనేవారు మొహమాటపడతారు, 780 అనో 850 అనో సర్దుతారు. అంకెలు అడిగేటప్పుడు ఒక ఫారం పంపండి. ఒకరి జవాబు ఇంకొకరికి కనిపించకూడదు. ఒక రోజు గడువు. వచ్చినవాటిని పేర్లు లేకుండా చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా వరసగా పెట్టి, అందరికన్నా తక్కువ చెప్పినవారినీ ఎక్కువ చెప్పినవారినీ కారణం రెండు వాక్యాల్లో రాయమనండి. కారణాలు చూసి అందరూ రెండోసారి అంకె ఇవ్వాలి. సరాసరి తీయకండి, వరసలో మధ్య అంకె తీసుకోండి. ఒకరు పొరపాటున సున్నా ఎక్కువ వేసినా మధ్య అంకె చెక్కుచెదరదు.

1906లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో ఒక పశువుల సంతలో ఎద్దు మాంసం బరువు ఎంతుంటుందో చీటీల మీద రాయమన్నారు. ఫ్రాన్సిస్ గాల్టన్ 787 చీటీలు తీసుకుని చూస్తే మధ్య అంకె 1,207 పౌన్లు, అసలు బరువు 1,198. ఈ కథ చెప్పి "అందరూ కలిస్తే నిపుణుడు అక్కర్లేదు" అనేవారున్నారు. అక్కడ రాసినవాళ్ళలో కసాయివాళ్ళు, రైతులు ఉన్నారు. అందరూ ఎద్దుని కళ్ళారా చూశారు, ఎవరి చీటీ వాళ్ళు విడిగా రాశారు. నేల కింద ఏముందో ఒక్కరూ చూడని చోట నలభై ఊహల మధ్య అంకె కూడా ఊహే. ఫారం పంపే ముందు "ఈ వీధిలో బోరు వేయించినవాళ్ళు, వేసినవాళ్ళు మాత్రమే నింపండి" అని రాయడం అందుకే.

లెక్క పుస్తకం

ఆరు నెలలు ఓపిక పడితే ఇంతకన్నా నమ్మకమైన కొలబద్ద దొరుకుతుంది. గ్రూపులో ఎవరైనా జరగబోయేది చెప్తే దాన్ని తేదీతో, శాతంతో రాయించుకోండి. "ఏప్రిల్ 30లోగా రెండో బోరు ఎండుతుంది, 70 శాతం." ఎండితే 1, ఎండకపోతే 0. చెప్పిన శాతానికీ జరిగినదానికీ తేడాని వర్గం చేయండి. ఎండితే 0.3 × 0.3 = 0.09. ఎండకపోతే 0.7 × 0.7 = 0.49. తక్కువ వచ్చినవారు మెరుగు. 1950లో గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ శాస్త్రవేత్త వానల అంచనాలని తూచడానికి చూపిన పద్ధతి ఇది. ఎప్పుడూ 50 శాతం అని తప్పించుకునేవారికి ప్రతిసారీ 0.25 పడుతుంది. కాబట్టి ఇరవై అంచనాల సగటు 0.25 కన్నా కిందికి రానివారికి, ఎంత ధీమాగా మాట్లాడినా, ఆ విషయంలో బొమ్మాబొరుసు కన్నా ఎక్కువ తెలియదని అర్థం. అయిదారు అంచనాలతో మాత్రం తీర్పు ఇవ్వకండి, అదృష్టానికి అంత చోటు ఉంది.

ట్యాగు ఎలా రాయాలి, ఎప్పుడు తీయాలి

ట్యాగులు రాసే షీటులో ఆరు గళ్ళు చాలు: పేరు, విషయం, హద్దు, ఆధారం, వ్యాపార సంబంధం, గడువు. విషయం ఇరుకుగా ఉండాలి. "నీళ్ళు" అని రాస్తే పనికిరాదు, "విడి ఇళ్ళకి ఇంకుడు బావులు, సర్జాపూర్ వైపు" అని రాయాలి. హద్దు గడిలో ఆయనే చెప్పిన మాట రాయండి: "100 ఇళ్ళ పైబడ్డ చోట చేయలేదు."

గడువు చేతి తెలివికి ఏడాది, రెండేళ్ళు పెట్టొచ్చు. కాగితం తెలివికి ఆరు నెలలు దాటనివ్వకండి. వాన నీళ్ళ నియమమే చూడండి. బెంగళూరులో 2009లో తప్పనిసరి చేశారు, కొత్త ఇల్లయితే 30×40 సైటు నుంచి, పాత ఇల్లయితే 40×60 నుంచి. తర్వాత మళ్ళీ సవరణలు వచ్చాయి. 2024 ఎండాకాలంలో నీళ్ళ కరువొచ్చినప్పుడు తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు, బోరు వేయడానికి ముందు అనుమతి అన్నది గట్టిగా పట్టించుకోవడం మొదలైంది. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం అయిదో దశ మొదలై రోజుకి 77.5 కోట్ల లీటర్లు అదనంగా ఇచ్చే ఏర్పాటు వచ్చాక, "మా వైపు కావేరి రాదు" అన్న పాత మాటని చాలా చోట్ల మళ్ళీ విచారించాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరులో నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు కింద అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. రెండేళ్ళ కిందట ఏ ఆఫీసుకి వెళ్ళాలో సరిగ్గా చెప్పిన మనిషి ఇప్పుడు అంతే నమ్మకంగా మూసేసిన గుమ్మం చూపించే వీలుంది. కాగితం సంగతి ఎవరు చెప్పినా జలమండలిలోనో, వార్డు ఆఫీసులోనో ఆ వారం అడిగి తెలుసుకున్న తేదీ పక్కన ఉండాలి.

ఎన్ని సందేశాలు పెట్టారు, ఎన్ని లైకులు వచ్చాయి, గ్రూపులో ఎన్నేళ్ళుగా ఉన్నారు అన్నవాటిని ట్యాగుకి కలపకండి. అవి గ్రూపుకి ఎంత సమయం ఇచ్చారో చెప్తాయి. దానికి కృతజ్ఞత చెప్పాలి, వేరేగా.

డిగ్రీలే కొలబద్ద చేస్తే ఏమవుతుందో కూడా తెలిసిందే. 2000లో న్యూపీడియా అనే ఇంటర్నెట్టు విజ్ఞాన సర్వస్వం పట్టభద్ర నిపుణులతో, ఏడు మెట్ల పరిశీలనతో మొదలైంది. మూడేళ్ళకి మూతపడేనాటికి పూర్తయిన వ్యాసాలు పాతిక దాకానే. దాని పక్కనే 2001లో పుట్టిన వికీపీడియా అందరినీ రానిచ్చింది, 2003 డిసెంబరుకి తెలుగులోకీ వచ్చింది. అక్కడా దెబ్బ తగిలింది. ప్రొఫెసర్నని చెప్పుకుని పెద్దరికం సంపాదించిన ఒక సభ్యుడు 24 ఏళ్ళ కుర్రాడని, ఆ డిగ్రీలేవీ లేవని 2007లో బయటపడింది. రాసింది ఎవరన్నది కాకుండా రాసినదానికి ఆధారం ఏమిటన్నదే అక్కడి నియమం. ఆ నియమాన్ని పక్కనపెట్టి హోదాని నమ్మిన చోటే ఆయన మాట చెల్లింది. మన గ్రూపులో కూడా "నేను ఐఐఎస్సీలో చదివాను" అన్నది ఆధారం గడిలోకి రాదు. కొలిచిన కాగితమో, చేసిన చోటి ఫొటోనో, చూసిరాగలిగిన చిరునామానో రావాలి.

పెద్దవాళ్ళతో

తెలుగు గ్రూపుల్లో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. "గారు" అన్నది వయసుకీ బంధానికీ ఇచ్చే గౌరవం, అది ఉండాల్సిందే. కానీ ఆ గౌరవం చాటున తప్పు లెక్క నిలబడిపోతే నష్టం అందరిదీ. కాదనకుండా, చోటు అడగడం ఒక మంచి దారి: "అంకుల్, మీరన్న 400 అడుగులు హోసకోటె తోటలో వేసినదా, ఇక్కడ వేసినదా? ఏ ఏడాది?" ఆయనకి అవమానం లేదు, చదివేవాళ్ళకి ఆ మాట ఎంతవరకు పనికొస్తుందో తెలిసిపోతుంది. చాలాసార్లు ఆయనే "అది 1998 సంగతిలే బాబూ, ఇప్పుడంత తక్కువలో ఎక్కడ" అనేస్తారు. అంకె తప్పని తేలినప్పుడు మాత్రం విడిగా ఫోను చేసి చెప్పండి, గ్రూపులో ఆయన చేతే దిద్దించండి. తన మాట తానే దిద్దుకున్నవారికి షీటులో ఒక గుర్తు పెట్టండి. తర్వాతి గడువు వచ్చినప్పుడు ఆ గుర్తుని డిగ్రీ కన్నా ముందు చూడాలి.

కొత్తగా చేరినవారికి ట్యాగు లేదని నోరు మూయించకండి. వారి మాటకి ఆధారం ఉంటే అది ట్యాగు ఉన్నవారి ఆధారం లేని మాటని దాటుతుందన్నది నియమాల్లో మొదటి వరసలో రాయండి.

చివరికి ఏదో ఒకటి తేల్చుకుంటారు. బావులే అనుకోండి. ఆ రోజే షీటులో ఎవరు ఏం చెప్పారో, ఎంత నీళ్ళు ఇంకుతాయన్నారో, ఖర్చు ఎంతన్నారో ఎక్కించేయండి. అక్టోబరు చివర, పెద్ద వానలు అయ్యాక, ఇద్దరు సభ్యులు బావి మూత తీసి టేపు దింపాలి. వాన ఆగిన గంటకి నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయి, ఇరవై నాలుగు గంటల తర్వాత ఎంత ఉన్నాయి, అడుగున బురద ఎన్ని అంగుళాలు. మూడు అంకెలూ అదే షీటులో, చెప్పినవారి పేరు పక్క గడిలో రాయండి.